స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ దొరకక వేరే ఆసుపత్రికి వెళ్లేవారికి జాగ్రత్తలు

గుండెనొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే ఈ జాగ్రత్తలన్నీ పక్కన పెట్టి వెంటనే 108కు ఫోన్ చేయండి. ప్రాణాపాయ స్థితిలో ఉన్నవారికి చికిత్స చేయడం ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది.

మిగతా సందర్భాల్లో, అపాయింట్‌మెంట్ ఎందుకు ఇవ్వలేదో ముందుగా అడగండి. రిఫరల్ లెటర్ (స్పెషలిస్టు దగ్గరికి పంపుతూ డాక్టరు రాసే చీటీ) లేకపోవడమే కారణమైతే, ఊరు మారడం కన్నా మొదట చూసిన డాక్టరు చేత అది రాయించుకోవడమే తేలిక.

రికార్డుల విషయంలో ఏమాత్రం అశ్రద్ధ పనికిరాదు. ఇన్‌పేషెంటుగా ఉన్నవారు అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి కనుక, కాగితం మీద రాసి అడిగి, అందినట్లు సంతకం తీసుకోండి. స్కాన్ చేయించి ఉంటే రిపోర్టుతో సరిపెట్టుకోక సీడీ కూడా తీసుకోండి. కొత్త డాక్టరు ఆ చిత్రాలను స్వయంగా చూడాలనుకోవచ్చు. బయాప్సీ (కణజాలం ముక్క తీసి చేసే పరీక్ష) జరిగి ఉంటే గాజు స్లయిడ్లనూ, కణజాలాన్ని పొదిగిన చిన్న మైనపు బ్లాకులనూ అడిగి, వాటి మీది నంబరూ రిపోర్టులోని నంబరూ ఒకటేనని సరిచూసుకుని, గట్టి డబ్బాలో సర్దండి. ఆ డబ్బాను ఎండలో నిలిపిన కారులో వదలవద్దు.

ఆసుపత్రి మారుతున్నాం కదా అని షుగరు, బీపీ, రక్తం పలచబడే మందులను సొంతంగా ఆపవద్దు. ఇది నిజంగా ప్రమాదకరం. మందుల అట్టలనే వెంట తీసుకెళ్లండి.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్స పొందేవారు, ఆ పథకం కొత్త ఆసుపత్రిలో తమ జబ్బుకు సంబంధించిన విభాగానికి కూడా వర్తిస్తుందో లేదో బయలుదేరే ముందే ఫోన్ చేసి తెలుసుకోవాలి.