స్టార్‌డ్యూ వ్యాలీకి స్మాపీ ఎక్కించడం

2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆటని మా అక్క కూతురూ నేనూ ఇప్పటికీ ఆడుతున్నాం. దానికి మోడ్లు (ఆటకి వేరేవాళ్ళు తయారుచేసిన మార్పులు, చేర్పులు) కావాలంటే ముందు వాటిని నడిపించే స్మాపీ అనే ప్రోగ్రామ్ ఉండాలి. ఇది ఉచితం, ఆట అసలు ఫైళ్ళను మార్చదు. నేను చెప్పేది విండోస్, స్టీమ్ (ఆటలు కొని ఆడే యాప్) ఉన్నవాళ్ళకి.

అన్నిటికంటే ముందు సేవ్‌లు (ఇప్పటిదాకా ఆడింది దాచి ఉంచే ఫైళ్ళు) కాపీ చేసుకోండి. ఏళ్ళ తరబడి పెంచిన పొలం పోతే ఆ బాధ మామూలుగా ఉండదు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య యాప్‌డేటా అని ఇంగ్లీషులో (%appdata%) కొట్టి ఎంటర్ నొక్కండి. తెరుచుకున్న ఫోల్డర్లో స్టార్‌డ్యూవ్యాలీ, దానిలో సేవ్స్ ఉంటాయి.

మోడ్లు లేకుండా ఆటను ఒకసారి నడిపి మూసేయండి. స్మాపీ సొంత సైటు నుంచే జిప్ దించుకుని, పూర్తిగా బయటికి తీయండి. జిప్‌లో ఉండగానే నడిపితే పనిచేయదు. విండోస్ కోసం ఉన్న ఇన్‌స్టాల్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి, అడిగినవాటికి అంకెలతో జవాబివ్వడమే.

చివర్లో అది చూపించే లైనును కాపీ చేసి, స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌లోని లాంచ్ ఆప్షన్స్‌లో పేస్ట్ చేయండి. చాలామంది ఇది వదిలేసి మోడ్లు రాలేదని టెన్షన్ పడతారు.

ఇక ఆట ఫోల్డర్లోని మోడ్స్‌లో ఒక్కో మోడ్‌నీ అన్‌జిప్ చేసి పెట్టండి. మొదట కంటెంట్ ప్యాచర్ అనే మోడ్ వేయండి, చాలా మోడ్లకి అది తప్పనిసరి. ఆటతో పాటు తెరుచుకునే నల్ల కిటికీని మూయకండి. ఏ మోడ్ ఎందుకు లోడవలేదో అక్కడ ఎర్ర అక్షరాల్లో కనిపిస్తుంది.