తాగుడు మీద డాక్యుమెంటరీ ఇంట్లో తాగేవాళ్లకు చూపించేటప్పుడు

తాగి ఉన్నప్పుడు పెట్టొద్దు. గొడవ తప్ప ఏమీ మిగలదు. పొద్దున టిఫిన్ అయ్యాక పావుగంట చాలు. "నువ్వూ ఇంతే" అనకండి. డాక్యుమెంటరీలో పిల్లలు మాట్లాడే చోట ఆపి, మీకేమనిపించిందో చెప్పండి.

అసలు చిక్కు తర్వాతే. మనసు కదిలి "ఈరోజు నుంచే బంద్" అంటారు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. 2, 3 రోజులకు లేనివి కనబడి, మనుషుల్ని పోల్చుకోలేకపోవచ్చు. ప్రాణం మీదకొచ్చే స్థితి ఇది, 108కి ఫోన్ చేయండి. మజ్జిగ, నిమ్మరసం దీన్ని ఆపవు. అందుకే మానేముందే డాక్టరును కలవాలి; మందులు, బి1 విటమిన్ వాళ్లే ఇస్తారు. సలహాకు తాగుడు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. చేతిలో తాళాలు పెడితే ఒరిగేదేం లేదు.