మోసెల్ రీస్లింగ్ రుచి చూసే పద్ధతి
జర్మనీలో మోసెల్ నది లోయలో చేసే తెల్ల వైన్ రీస్లింగ్‌ని ఫ్రిజ్‌లోంచి తీయగానే తాగేయకండి, మరీ చల్లగా ఉంటే వాసనే తెలీదు, ఓ పది నిమిషాలు ఆగండి. గ్లాసులో కొంచెమే పోసి, కాడ పట్టుకుని మెల్లగా తిప్పి వాసన చూడండి, కొత్త సీసా అయితే నిమ్మ, పచ్చి యాపిల్, తడిసిన రాయి లాంటి వాసన, పదేళ్లు దాటిందైతే తేనె, దాంతోపాటు పెట్రోల్ వాసన కూడా రావచ్చు, పాడైందని పారబోయకండి, వయసొచ్చిన రీస్లింగ్ అంటే అదే, నాకైతే ప్రాణం. మింగాక నోట్లో ఎంత నీళ్లూరితే అంత పులుపున్నట్టు, ఆ పులుపే దాన్ని ఏళ్ల తరబడి నిలబెడుతుంది. లేబుల్ మీద ట్రాకెన్ అని ఉంటే తీపి ఉండదు, చేపకి బావుంటుంది. ట్రాకెన్ అని లేకుండా కాబినెట్ (తేలికపాటి రకం) అని ఉంటే కాస్త తీపి, ఆల్కహాల్ కూడా చాలావాటిలో 8-9 శాతమే, మన కారం కోడి వేపుడుకి అదే తీసుకోండి, స్ట్రాంగ్ రెడ్ వైన్ అయితే మంట ఇంకా పెంచేస్తుంది.