అమెరికా మనవలతో వాళ్ళ పండగల గురించి ఎలా మాట్లాడాలి

మా కోనసీమలో ఏ వీధి చూసినా, పిల్లలు అమెరికాలో ఉండి మనవల్ని ఫోన్లో చూసుకునే అమ్మమ్మలూ తాతయ్యలూ ఒకళ్ళో ఇద్దరో ఉంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. నాలుగేళ్ళ కిందట, మా మనవరాలికి ఆరేళ్ళప్పుడు, బళ్ళో వేసిన థాంక్స్‌గివింగ్ (పంటకి కృతజ్ఞత చెప్పుకునే వాళ్ళ పండగ) బొమ్మ చూపించబోతుంటే నేను "అది మన పండగ కాదు తల్లీ, మనకి సంక్రాంతి ఉంది కదా" అనేశాను. ఆ పిల్ల కాగితం కిందకి దించేసి "అయితే నాది కాదా అమ్మమ్మా?" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. అక్కడ పుట్టిన పిల్ల, 1868లో వాళ్ళ రాజ్యాంగానికి చేసిన 14వ సవరణ ప్రకారం పుట్టుకతోనే అక్కడి పౌరురాలు. ఆ పండగ ఆ పిల్లదే. ముందు ఈ సంగతి మన మనసుకి ఎక్కాలి, మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇక పని. గోడ మీద క్యాలెండర్‌లో మన పండగల పక్కనే వాళ్ళవీ పెన్నుతో రాసుకోండి. మనవి తిథిని బట్టి మారినట్టు వాళ్ళవి చాలావరకు వారాన్ని బట్టి మారతాయి. థాంక్స్‌గివింగ్ నవంబర్‌లో నాలుగో గురువారం, నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ రోజు జనవరిలో మూడో సోమవారం, మెమోరియల్ డే మే నెలలో ఆఖరి సోమవారం. వాళ్ళ స్వాతంత్ర్య దినం జులై 4, బానిసల విముక్తిని తలుచుకునే జూన్ 19 మాత్రం మారవు. వాళ్ళకి గురువారం రాత్రి భోజనాల వేళకి మనకి శుక్రవారం తెల్లవారుతుంది కాబట్టి, ఫోన్ ఎప్పుడు చెయ్యాలో అమ్మాయినో అల్లుడినో ముందే అడిగి పెట్టుకోండి.

అన్నిటికీ "హ్యాపీ" అని పువ్వుల బొమ్మ పంపకండి. మెమోరియల్ డే యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే రోజు. వాళ్ళ అంతర్యుద్ధం అయ్యాక సమాధుల మీద పూలు పెట్టడంతో మొదలైంది. ఆ రోజు "మీ ఊళ్ళో ఏం చేశారమ్మా?" అని అడిగితే చాలు.

అసలు అన్నిటికంటే ముఖ్యం, మనం చెప్పడం కాదు, అడగడం. ఆ బొమ్మ సంగతే చూడండి. తర్వాతి ఏడాది నేనే అడిగి చూపించమన్నాను. చెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీస్తారు, బొటనవేలు టర్కీ కోడి తల, మిగతా నాలుగు వేళ్ళూ తోక ఈకలు. ఒక్కో ఈక మీద ఎవరికి థాంక్స్ చెప్పాలో రాసింది, చిటికెన వేలు మీద వంకర అక్షరాలతో "అమ్మమ్మ" అని తెలుగులో ఉంది. అడగకపోతే అది నాకు తెలిసేదే కాదు.

థాంక్స్‌గివింగ్ కథలో చేదు భాగం ఎప్పుడు చెప్పాలి అంటారా, పిల్ల అడిగినప్పుడు. 1621లో ప్లిమత్‌లో ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళూ, అక్కడి వాంపనోగ్ జనమూ కలిసి పంట పండగ విందు తిన్నారు. ముందటి చలికాలంలో ఆ వచ్చినవాళ్ళలో సగం మంది దాకా చచ్చిపోతే, మొక్కజొన్న ఎలా వెయ్యాలో నేర్పింది అక్కడివాళ్ళే. కానీ 1675కల్లా వాళ్ళ మధ్య ఘోరమైన యుద్ధం వచ్చింది, నేలా పోయింది, మనుషులూ పోయారు. అందుకే 1970 నుంచి అక్కడి మూలవాసులు కొందరు అదే గురువారం ప్లిమత్‌లో సంతాప దినం జరుపుతున్నారు. ఇవన్నీ చెప్పేటప్పుడు "చూశావా మీ దేశం" అన్న గొంతు మాత్రం రానివ్వకండి. పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ఆ గొంతు రాకుండా ఉండాలంటే ధవళేశ్వరం తీసుకెళ్ళండి. పోయిన వేసవిలో మా మనవరాల్ని అక్కడి కాటన్ మ్యూజియానికి తీసుకెళ్ళాను, గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరు మీద పెట్టింది. విగ్రహానికి దండ చూసి "ఈయన బ్రిటిష్ కదా, మరి మీరు బ్రిటిష్‌వాళ్ళని వెళ్ళిపోమన్నారు కదా, దండెందుకు?" అంది. పదేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్న, డెల్టాలో పుట్టి పెరిగిన నేను ఎన్నడూ నన్ను నేను అడుక్కోలేదు. 1847లో మొదలై 1852లో ఆనకట్ట పూర్తయ్యాక కదా కరువుల నేల అన్నపూర్ణ అయింది. ఆయన పుట్టినరోజు మే 15న ఊళ్ళల్లో దండలు వేస్తాం, గోదావరిలో ఆయన పేరు చెప్పి తర్పణం వదిలే రైతులు కూడా ఉన్నారు. అదే గోదావరికి ఎగువన ఏజెన్సీలో 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు పోరాడింది ఆ తెల్లవాళ్ళ పాలన మీదే. నేను పిల్లతో అన్నదొక్కటే: "ఆయన తెచ్చిన నీళ్ళు మన చేలో పారాయి, ఆ పాలన మనకి వద్దు. రెండూ నిజమేనమ్మా."

అప్పుడు తనే అందుకుంది, జెఫర్సన్ గురించి టీచర్ చెప్పిందట. 1776లో వాళ్ళ స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులంతా సమానమని రాసినాయన తన జీవితంలో 600 మందికి పైగా బానిసల్ని ఉంచుకున్నాడు. మన ఆనకట్ట పూర్తయిన 1852లోనే, బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్, జులై 4 బానిసకి ఏ పండగని నిలదీశాడు. 1865 జూన్ 19న టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో బానిసలకి స్వేచ్ఛ ప్రకటించారు, ఆ రోజు దేశమంతటికీ సెలవైంది 2021లో. ఇవన్నీ తెలిసి కూడా మా పిల్లకి జులై 4 బాణసంచా అంటే ప్రాణం. ఉండనివ్వండి, దేశాన్ని ప్రేమించడానికి దాని తప్పులు తెలియకుండా ఉండక్కర్లేదు.

మనవాళ్ళ కథ కూడా అందులో ఉందని చెప్పండి, ఇది చాలామంది వదిలేస్తారు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులకి పౌరసత్వం కుదరదంది. 1946లో ఆ తలుపు కాస్త తెరుచుకుంది, 1965 వలస చట్టంతో బాగా తెరుచుకుంది. ఆ చట్టం వెనక నల్లవాళ్ళ హక్కుల పోరాటం తెచ్చిన మార్పు ఉంది. అందుకే కింగ్ రోజు నాకు పరాయి పండగ అనిపించదు. 2024లో జనవరి 15న మనకి సంక్రాంతి, వాళ్ళకి కింగ్ రోజు, రెండూ ఒక్కనాడే వచ్చాయి. మన పిల్లలు అక్కడ ఇల్లు కొనుక్కుని ముగ్గు వేస్తున్నారంటే ఆయన నడిచిన దారి అందులో ఉందని పిల్లకి చెప్పాను, మా జగ్గన్నతోట తీర్థంలో ఊరేగే ప్రభలు ఫోన్లో చూపిస్తూనే.

ఇంకొక్కటి, తెలుగు సరిచెయ్యకండి, కనీసం పండగ రోజున. పోయిన నవంబర్‌లో ఫోన్ ఎత్తగానే "అమ్మమ్మా, టర్కీ ఉడికింది!" అంది. ఓవెన్లో కాల్చేదాన్ని ఉడికింది అనరని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఎంతసేపు ఉడికిందమ్మా అని అడిగాను. నాలుగు గంటలంట.