ఇన్వర్టర్, బ్యాటరీ వేడెక్కకుండా ఏం చేయాలి?

ఎండాకాలం మొదలైతే చాలు, మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు "అన్నా, ఇన్వర్టర్ కాలిపోతోంది, ఒక్కసారి చూడవా" అంటూ తలుపు కొడతారు. వెళ్లి చూస్తే దాని ముందు టేబుల్ ఫ్యాను గిర్రున తిరుగుతుంటుంది. ఫ్యాను గాలికి పైన డబ్బా చల్లబడుతుందేమో గానీ, వేడి పుట్టే చోట పుడుతూనే ఉంటుంది. పైగా కాలుతున్న వాసన కూడా తెలియకుండా పోతుంది. ముందు ఆ ఫ్యాను తీసేయండి.

అసలు ఎంత వేడి మామూలో తెలుసుకోవాలి. ఛార్జింగ్ అవుతున్నప్పుడు ఇన్వర్టర్ డబ్బా గోరువెచ్చగా ఉండటం సహజం, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి. బ్యాటరీ గది వేడి కన్నా కొంచెం వెచ్చగా ఉన్నా ఫర్వాలేదు. కానీ టెర్మినల్ (బ్యాటరీ పైన వైరు బిగించే సీసపు మొన) దగ్గర వైరు చివర చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే, లేదా బ్యాటరీ ఒక మూల మాత్రమే కాలుతుంటే అది జబ్బే.

కావలసినవి

నట్టుకు సరిపోయే పానా, ఇన్సులేషన్ టేపు, పాత టూత్‌బ్రష్, వంట సోడా, ఉప్పుకాగితం, పెట్రోలియం జెల్లీ, డిస్టిల్డ్ వాటర్, రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే మామూలుది తక్కువ ధరకే వస్తుంది.

1. జాగా మార్చండి

బ్యాటరీ మీద రాసిన సామర్థ్యం 27 డిగ్రీల లెక్క. మే నెలలో మన ఊళ్లో బయట 40 దాటుతుంది, పడమటి బాల్కనీలో అంతకన్నా ఎక్కువే. పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని లెక్క. కాబట్టి ఎండ తగిలే బాల్కనీ, స్టవ్ పక్కన, తలుపులు మూసిన చెప్పుల అల్మారా, ఇవేవీ పనికిరావు. చుట్టూ జానెడు ఖాళీ వదలండి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దీపం వెలిగించే పూజగదిలో అస్సలు వద్దు.

షాపువాళ్లు అంటగట్టే ప్లాస్టిక్ ట్రాలీ కూడా వద్దు. కింద బ్యాటరీ, దాని నెత్తిన ఇన్వర్టర్. కింది వేడి, కింది యాసిడ్ ఆవిరి నేరుగా పైదానికి తగులుతాయి. రెండూ పక్కపక్కన, బ్యాటరీ కింద ఒక చెక్క పలక. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

2. లోడు తగ్గించండి

12 వోల్టుల బ్యాటరీ నుంచి 600 వాట్లు లాగితే, నష్టాలు కలుపుకొని 60 ఆంపియర్ల దాకా ప్రవహిస్తుంది. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్ ఆ లైను మీద ఉండకూడదు. "మేం ఫ్యాన్లు, లైట్లే వాడుతున్నాం" అంటారు. వెళ్లి చూస్తే ఎలక్ట్రీషియన్ వంటింటి ప్లగ్గు కూడా ఇన్వర్టర్ లైనులోనే కలిపి ఉంటాడు. ఇన్వర్టర్ ఆన్‌లో ఉంచి, మెయిన్ ఆపి, ఏయే ప్లగ్గుల్లో కరెంటు వస్తోందో ఫోన్ ఛార్జర్‌తో చూసుకోండి.

3. టెర్మినళ్లు విప్పి, శుభ్రం చేసి, బిగించండి

అసలు పని ఇదే, అందరూ చెడగొట్టేదీ ఇక్కడే. వదులు నట్టు, దాని మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి. అక్కడ 0.01 ఓమ్ నిరోధం చాలు, 60 ఆంపియర్లు పోతుంటే 36 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ ఒకటి బ్యాటరీ నెత్తిన రోజూ వెలుగుతున్నట్టే.

పగటిపూట మొదలుపెట్టండి, ఇన్వర్టర్ లైను మీద ఉన్న లైట్లు పోతాయి కాబట్టి. ముందున్న స్విచ్ ఆపితే సరిపోదు. చాలా ఇన్వర్టర్లు స్విచ్ ఆపినా ఛార్జింగ్ మానవు. గోడ ప్లగ్గు పీకేయండి. ప్లగ్గు లేకుండా నేరుగా వైరింగ్ చేసి ఉంటే బోర్డులో దాని ఎంసీబీ స్విచ్ దించండి. కిటికీలు తెరిచి అరగంట ఆగండి. పేరుకున్న హైడ్రోజన్ పోవాలి. ఇంతసేపెందుకని తొందరపడొద్దు, వైరు ఊడేటప్పుడు చిన్న నిప్పురవ్వ వచ్చినా ఆ గ్యాసుకు అంటుకుంటుంది.

ఉంగరాలు, గాజులు, వాచీ, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. ఇక్కడ మొహమాటం పనికిరాదు. పన్నెండు వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అంటారు. కొట్టదు, నిజమే. కానీ పానా ఎరుపు (ప్లస్), నలుపు (మైనస్) టెర్మినళ్లకు ఒకేసారి తగిలితే వెయ్యి ఆంపియర్లకు పైగా పారుతుంది, పానా అక్కడే అతుక్కుపోతుంది. ఆ దారిలో ఉంగరం ఉంటే వేలు కాలిపోతుంది. అందుకే పానా పిడిని ఇన్సులేషన్ టేపుతో నిండుగా చుట్టాకే ముట్టుకోండి.

విప్పేముందు ఫోటో తీసుకోండి, ఎరుపు వైరుకు గుర్తు కట్టండి. తర్వాత ముందు నలుపు విప్పండి, ఆ వైరు చివరకు టేపు చుట్టి దూరంగా వంచండి. ఆపైన ఎరుపు. రెండూ ఒకేసారి వదులు చేయొద్దు.

గ్లాసు వేడినీళ్లలో రెండు చెంచాల వంట సోడా కలిపి, బ్రష్‌తో టెర్మినళ్ల మీద పూయండి. బుస్సుమని నురగ వస్తుంది. యాసిడ్ విరిగిపోతోందన్నమాట. దానికి ముందు పైన మూతలన్నీ గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి. సోడా నీళ్లు చుక్క లోపలికి పోయినా ఆ సెల్‌లో (బ్యాటరీ లోపలి అరలో) యాసిడ్ దెబ్బతింటుంది. నురగ ఆగాక తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిచి, సీసం మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్దండి. వైరు చివరి లగ్‌ని, అంటే నట్టు కింద బిగించే లోహపు ముక్కని కూడా రుద్దండి. తొడుగు కొంచెం వెనక్కి జరిపి చూడండి. లోపల రాగి తీగలు పచ్చబడి ఉంటే ఎంత రుద్దినా లాభం లేదు, వైరు మార్చాల్సిందే. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ గుడ్డను పారేయండి.

ఇక బిగించడం. లగ్ నేరుగా సీసం మీద కూర్చోవాలి. వాషరు లగ్ పైన, నట్టు కింద. చాలామంది వాషరుని సీసానికీ లగ్‌కీ మధ్య పెడతారు. కరెంటు అంతా ఆ ఇనుప ముక్కలోంచి పోవాలన్నమాట, వేడెక్కక ఏం చేస్తుంది? చేత్తో తిప్పితే లగ్ కదలనంత వరకు బిగించి ఆపేయండి. పానా మీద బలమంతా వేస్తే మెత్తని సీసం కాబట్టి టెర్మినల్ అడుగున సీలు వదులై, యాసిడ్ పైకి ఎగబాకుతుంది. అప్పుడు ఆ పొడి మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

ముందు ఎరుపు, తర్వాత నలుపు. చివర్లో టిక్‌మని చిన్న మెరుపు వస్తే కంగారు వద్దు, ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు నిండుతున్నాయి. ఎరుపు, నలుపు తారుమారైతే మాత్రం ఇన్వర్టర్ పోయినట్టే. ఫోటో ఇంకోసారి చూడండి.

జెల్లీ బిగించాక పైన పూయాలి, ముందు కాదు. గ్రీజు వద్దు, ఎండకు కారి దుమ్ము పట్టుకుంటుంది. కొందరు కొబ్బరినూనె పూస్తారు, దాన్ని జుట్టుకు పెట్టుకోండి.

పరీక్ష ఇలా చేయండి. బ్యాటరీ నిండాక మెయిన్ ఆపి, రోజూ వాడే ఫ్యాన్లు, లైట్లు పావుగంట నడపండి. తర్వాత టెర్మినల్ దగ్గరి వైరు తొడుగుకు చెయ్యి వెనక భాగం ఆనించండి. మల్టీమీటర్ ఉంటే డీసీలో ఒక మొన సీసం మీద, ఇంకోటి లగ్ మీద పెట్టండి. 50 మిల్లీవోల్టులు దాటితే నేనైతే మళ్లీ విప్పుతాను.

4. నీళ్లు

డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీళ్లు, ఆర్వో నీళ్లు వద్దు. ఏసీ పైపు నీళ్లు కూడా డిస్టిల్డ్ వాటర్ లాంటివేనని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆ నీళ్లు దుమ్ము, లోహపు అణువులు కడుక్కుంటూ వస్తాయి. ఛార్జింగ్ పూర్తయ్యాకే నీటి మట్టం చూపే ఫ్లోట్ గుర్తు దాకా పోయండి. ముందే పోస్తే ఛార్జింగ్‌లో మట్టం పెరిగి పైకి పొంగుతుంది, మళ్లీ టెర్మినళ్ల మీద పొడి. లోపలి సీసపు ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేదాకా పోసి ఛార్జింగ్ పెట్టండి.

5. ఛార్జింగ్

చాలా ఇన్వర్టర్ల వెనక ట్యూబులర్, ఫ్లాట్, సీల్డ్ అని బ్యాటరీ రకాన్ని బట్టి పెట్టే చిన్న స్విచ్ ఉంటుంది. బ్యాటరీ మార్చినప్పుడు దాన్ని మార్చడం ఎవరికీ గుర్తుండదు. బ్యాటరీ నిండాక టెర్మినళ్ల దగ్గర 13.5 నుంచి 13.8 వోల్టుల చుట్టూ చూపించాలి. రోజంతా 15 దాటి ఉంటే ఛార్జర్ చెడింది, మెకానిక్‌కి చూపించండి. ఛార్జింగ్ ఆపి కాసేపాగాక 10.5 దగ్గరే ఉంటే, ఒక మూలే కాలుతుంటే, ఒక సెల్ పోయింది. దానికి మందు లేదు, బ్యాటరీ మార్చాలి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే వెంటనే ప్లగ్గు పీకి, కిటికీలు తెరిచి, ఆ గదిలోంచి బయటికి రండి.

కంప్యూటర్ కింద పెట్టుకునే చిన్న యూపీఎస్‌లో సీల్డ్ బ్యాటరీ ఉంటుంది, దానికి నీళ్లు పోసే పని లేదు. వేడెక్కితే ఇంకా ఎక్కువ కరెంటు లాగి, మరింత వేడెక్కి ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకిలించకండి. యూనిట్‌ను ఆపేసి అలాగే షాపుకు ఇవ్వండి, పాత బ్యాటరీని ఎక్స్‌ఛేంజ్‌లో తీసుకుంటారు.