కరెంటు, నెట్ నిలకడగా లేని ఆసుపత్రిలో కంప్యూటర్ రికార్డులు ఎలా మొదలుపెట్టాలి?

కంప్యూటర్లు ఒక్కరోజులో కొనేయొచ్చు. ఎదురుగా రోగి కూర్చుని ఉంటే కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కునే నర్సుకు ఆ టెన్షన్ పోవడానికి మాత్రం వారాలు పడుతుంది. అందుకే అన్ని గదుల్లో ఒకేసారి వద్దు. ఓపీ రిజిస్ట్రేషన్ దగ్గర మొదలుపెట్టండి.

1. నెట్ లేకపోయినా నడిచే సాఫ్ట్‌వేర్ ఎంచుకోండి. 2004లో మొదలైన ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అనే రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ ఉచితం. ఆసుపత్రిలోనే ఒక కంప్యూటర్‌ను సర్వర్‌గా, అంటే రికార్డులన్నీ ఉండే ప్రధాన కంప్యూటర్‌గా పెట్టి, మిగతావాటిని వైఫైతో దానికి కలపొచ్చు. సర్వర్‌తో పాటు రౌటర్‌కూ యూపీఎస్ ఉండాలి. రౌటర్ సంగతి చాలామంది మర్చిపోతారు. కరెంటు పోయాక సర్వర్ నడుస్తూనే ఉంటుంది, ఎవరి తెర మీదా ఏమీ రాదు!

2. శిక్షణ అంటే ఉపన్యాసం కాదు. కల్పిత రోగుల కాగితాలు ఓ ఇరవై ఇచ్చి, సాఫ్ట్‌వేర్ శిక్షణ కాపీలో ఎక్కించమనండి. అసలు డేటాబేస్‌లో చేయిస్తే ఆ లేని రోగులు లెక్కల్లో ఉండిపోతారు. ఎవరి లాగిన్ వాళ్లకే ఇవ్వండి.

3. కొత్త పేరు ఎక్కించే ముందు పాతది ఉందేమో వెతకడం నేర్పండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. ఒకే పేరును ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కాబట్టి మొదటి మూడు నాలుగు అక్షరాలతో, ఫోన్ నంబరుతో, ఊరితో కూడా వెతకాలి. ఒకే మనిషికి రెండు రికార్డులైతే, పెన్సిలిన్ పడదన్న మాట ఒకదాంట్లో, మందుల చీటీ ఇంకోదాంట్లో ఉండిపోతాయి. అలర్జీ గడిని ఖాళీగా వదలకూడదు. అడిగితే లేదన్నారా, అసలు అడగనే లేదా అన్నది చూసేవాళ్లకు తెలియాలి. పుట్టినతేదీ తెలియకపోతే జనవరి 1 అని కొట్టేయకుండా "అంచనా వయసు" అని గుర్తు పెట్టాలి. రక్తంలో చక్కెర 7 అని ఉంటే అది మిల్లీమోలా, మిల్లీగ్రామా? లీటరుకు 7 మిల్లీమోల్ అంటే డెసీలీటరుకు సుమారు 126 మిల్లీగ్రాములు. అంకె పక్కన కొలమానం లేకపోతే ఎంత తేడా వస్తుందో చూడండి.

4. కరెంటు పోయినప్పటికి కాగితం ఫారాలు సిద్ధంగా ఉంచండి. తెర మీద గడులు ఏ వరుసలో ఉన్నాయో ఫారంలోనూ అలాగే ఉండాలి. కరెంటు వచ్చాక ఎవరు ఎక్కించాలో ముందే చెప్పండి. ఎక్కించేటప్పుడు, రోగిని చూసిన సమయమే వేయాలి.

5. కాగితం, కంప్యూటర్ రెండూ ఎక్కువ కాలం నడపొద్దు. రెట్టింపు పనితో విసిగిపోయి సాయంత్రం గుర్తున్నంతవరకు ఎక్కించేస్తారు. వారానికి పది కేసులు కాగితంతో పోల్చి చూడండి. తప్పులు తగ్గాక ఒక తేదీ ప్రకటించి రిజిస్టరు మూసేయండి.

6. రోజూ సాయంత్రం బ్యాకప్ తీసి, దానికి పాస్‌వర్డ్ రక్షణ పెట్టండి. ఒక కాపీ వేరే భవనంలో ఉంచండి. నెలకోసారి ఆ కాపీని ఇంకో కంప్యూటర్‌లోకి ఎక్కించి, నిన్నటి రోగి పేరు కొట్టి చూడండి, రికార్డు తెరుచుకుంటోందో లేదో.