బతుకమ్మ సెలవులకు ముందు: ఏపీఐ పేజీలకు కాపలా పెట్టేవాళ్లకు జాగ్రత్తలు

హన్మకొండలో నాకు తెలిసిన ఒక చిన్న టీమ్ ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తిదారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. మొన్న ఒక పొద్దున రైతులకు వెళ్లాల్సిన తూకం మెసేజ్‌లు ఒక్కటీ వెళ్లలేదు. ఎస్ఎంఎస్ ఇచ్చే కంపెనీ పాత ఏపీఐ అడ్రస్‌ను, అంటే ఈ సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీ సర్వర్‌తో మాట్లాడే అడ్రస్‌ను, మూసేసింది. చెప్పకుండా ఏమీ మూయలేదు, ఏపీఐ ఎలా వాడాలో చెప్పే డాక్స్ పేజీలో నెలల ముందే రాసిపెట్టింది. ఆ పేజీ మారితే అలర్ట్ పంపే మానిటర్ కూడా ఈ టీమ్ పెట్టుకుంది. అది రోజూ వెళ్లి చూస్తోంది, రోజూ మార్పు లేదంటోంది. విప్పి చూస్తే అది ఇన్నాళ్లూ చదువుతున్నది డాక్స్ పేజీని కాదు, ‘మీరు మనిషేనా’ అని అడిగే తనిఖీ పేజీని. ఆ పేజీ ఎందుకు మారుతుంది?

మానిటర్ ఎలా పెట్టాలో చెప్పబోవడం లేదు. విజువల్‌పింగ్, యూఆర్ఎల్‌వాచ్, సొంత స్క్రిప్ట్, ఏదో ఒకటి మీ దగ్గర ఉండే ఉంటుంది. నేను చూసినంతలో మనవాళ్లను ముంచింది టూల్ కాదు. అలర్ట్ రాలేదు కాబట్టి ఏమీ మారలేదనుకోవడం. మక్కచేనులో మంచె మీది మనిషి నిద్రపోయినా చప్పుడు ఉండదు, పందులు రాకపోయినా చప్పుడు ఉండదు. రెండింటికీ తేడా తెలిసే ఏర్పాటు లేకపోతే ఆ మానిటర్ ఉన్నా లేనట్టే.

ఇప్పుడే ఎందుకు

మన దేశంలో రూల్స్ ఎక్కువగా ఏప్రిల్ 1, అక్టోబర్ 1, జనవరి 1 లాంటి తేదీల నుంచి అమలవుతాయి. అందులో అక్టోబర్ మన పండుగల మీదే పడుతుంది. ముందుగా వైట్‌లిస్ట్ (అనుమతి జాబితాలో నమోదు) చేయించని లింకులున్న మెసేజ్‌లను ఆపేయాలన్న ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) ఆదేశం 2024 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. తెల్లారితే ఎంగిలిపూల బతుకమ్మ. 2025లో ఎంగిలిపూలు సెప్టెంబర్ 21న అయితే, జీఎస్టీ కొత్త రేట్లు 22 నుంచి. టీమ్‌లో సగం మంది ఊళ్లలో ఉన్నప్పుడే ఇవన్నీ వస్తాయి. ఢిల్లీ వాళ్లు మన పండుగ చూసి తేదీలు పెట్టరు కదా.

మానిటర్ నోరు మూసుకునే దారులు

తనిఖీ పేజీ సంగతి పైన చెప్పాను. సర్వర్ 200, అంటే ‘అంతా సరే’, అని జవాబిస్తే పేజీ బాగానే వచ్చిందని మానిటర్ అనుకుంటుంది. లాగిన్ పేజీకి మళ్లించినా చివరికి వచ్చేది ఆ 200నే.

ఇంకొకటి దీనికన్నా ప్రమాదం. కంపెనీ డాక్స్‌ను కొత్త అడ్రస్‌కు మార్చి, పాత పేజీని తీసేయకుండా అలాగే వదిలేస్తుంది. మీ మానిటర్ సరైన పేజీనే చదువుతోంది, కానీ దాన్ని ఇక ఎవరూ ముట్టుకోరు. అందుకే ఏ డాక్స్ పేజీ అయినా ఆరు నెలలు ఒక్క అక్షరం మారలేదంటే సంతోషపడకండి, అనుమానపడండి. ఆ కంపెనీ డాక్స్ మొదటి పేజీ నుంచి లింకులు నొక్కుకుంటూ వెళ్లి, ఇప్పటికీ అదే పేజీకి చేరుతున్నారో లేదో చూడండి.

జావాస్క్రిప్ట్‌తో నిండే పేజీలు ఉంటాయి. మామూలు స్క్రిప్ట్‌కు ఖాళీ చట్రమే దొరుకుతుంది, అది ఎప్పటికీ మారదు. డిజైన్ మార్చినప్పుడు పేజీలో ఏ భాగం చూడాలో చెప్పే మీ సెలెక్టర్‌కు ఏమీ తగలకపోతే, నిన్నటి ఖాళీని ఇవాళ్టి ఖాళీతో పోల్చి మార్పు లేదంటుంది. ప్రభుత్వ పోర్టళ్లది మరో తంటా. కొన్ని విదేశీ సర్వర్లకు తెరుచుకోవు. కొన్నిచోట్ల లింక్ అలాగే ఉంచి, అదే పేరుతో లోపలి పీడీఎఫ్‌ను మార్చేస్తారు. పేజీని చూస్తే సరిపోదు, ఫైల్‌ను కూడా దింపి పోల్చాలి.

కాబట్టి పేజీలో తప్పకుండా ఉండాల్సిన ఒక మాటను ఎంచుకోండి, ఎండ్‌పాయింట్ (మీరు పిలిచే ఏపీఐ అడ్రస్) పేరు లాంటిది. ఆ మాట కనిపించకపోతే మార్పు లేదని కాదు, ‘చూడలేకపోయాను’ అని అలర్ట్ రావాలి. పేజీ సైజు సగానికి పడిపోయినా అంతే. మీ సొంత సర్వర్‌లో ఒక ఉత్తుత్తి పేజీ పెట్టి, వారానికోసారి అది తనంతట తానే మారేలా చేసి, దాన్నీ ఇదే మానిటర్‌కు అప్పగించండి. ఆ వారం దాని అలర్ట్ రాలేదంటే మానిటర్ పడుకున్నట్టే. మళ్లీ చెబుతున్నాను: అలర్ట్ రాలేదంటే మార్పు లేదని కాదు.

అలర్ట్‌లు మరీ ఎక్కువైతే

రోజుకు నలభై మెయిళ్లు వస్తే మనిషి చేసే పని ఒక్కటే, మ్యూట్. తర్వాత కథ మామూలే. మెనూలు, ప్రకటనలు, కుకీ బ్యానర్లు తీసేసి అసలు భాగాన్నే చూడమనండి. కానీ అంకెలను మాత్రం ఫిల్టర్ చేయకండి. తేదీలు, కౌంటర్లు మారుతున్నాయని చిరాకుపడి అంకెలన్నీ తీసేసినవాళ్లను చూశాను. నిమిషానికి వంద రిక్వెస్టుల పరిమితి అరవైకి తగ్గితే తెలిసేది ఆ అంకెల్లోనే. ఏపీఐ డాక్స్‌లో సగం ప్రాణం అంకెలదే.

అసలు మంచి దారి ఉన్నచోట పేజీని పట్టుకు వేలాడటం ఎందుకు? గిట్‌హబ్‌లో ప్రతి పబ్లిక్ ప్రాజెక్ట్ రిలీజ్‌లకూ ఆటమ్ ఫీడ్ ఉంది, అంటే కొత్తవి చేరుతూ ఉండే జాబితా. ఏపీఐ వివరాలను మెషిన్ చదివేలా రాసిన ఓపెన్‌ఏపీఐ ఫైల్ ఇచ్చే కంపెనీ అయితే ఆ ఫైల్‌నే పోల్చండి, పేజీలో పదాల సర్దుబాటు గొడవ ఉండదు. అన్నిటికన్నా ముందు, మీ ప్రోగ్రామ్‌కు రోజూ వచ్చే జవాబుల్లోని హెడర్లు, అంటే జవాబుతో పాటు వచ్చే అదనపు వివరాలు, చూడండి. ఒక అడ్రస్ ఎప్పుడు మూతపడుతుందో చెప్పే సన్‌సెట్ హెడర్‌కు 2019 నుంచే ఆర్ఎఫ్‌సీ 8594 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఉంది. ఇక వాడొద్దని హెచ్చరించే డిప్రికేషన్ హెడర్‌కు 2025లో ఆర్ఎఫ్‌సీ 9745 వచ్చింది. అందరూ పంపరు. పంపేవాళ్లవి కూడా లాగ్‌లో రాసుకోకుండా పారేస్తే ఎవరిది తప్పు?

ఇక సెలవులకు వెళ్లేలోపు ఇవి చేసేయండి:

- హ్యాష్ (పేజీ మొత్తం నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తు) ఒక్కటే దాచుకోకండి, పాత పేజీ మొత్తం దాచండి. ఏదో మారిందని హ్యాష్ చెబుతుంది, ఏం మారిందో చెప్పదు.
- నిమిషానికోసారి చూడకండి. గంటకోసారి చాలు. పోయినసారి సర్వర్ ఇచ్చిన ఈట్యాగ్ (పేజీ వెర్షన్ గుర్తు) తిరిగి పంపితే, మారనప్పుడు 304 (‘మారలేదు’) వస్తుంది, ఎదుటివాళ్ల సర్వర్‌కూ మీకూ భారం తగ్గుతుంది. 429 (‘మరీ ఎక్కువసార్లు అడిగారు’) వస్తే ఆగండి. మొండిగా కొడితే మిమ్మల్ని బ్లాక్ చేస్తారు, మళ్లీ ఆ తనిఖీ పేజీయే దిక్కు.
- లాగిన్ వెనకున్న డాక్స్ కోసం మీ కుకీలను బయటి మానిటర్ సర్వీస్‌కు ఇవ్వకండి.
- టైమ్‌జోన్ చూసుకోండి. సన్‌సెట్ హెడర్‌లో ఉండేది జీఎంటీ. అక్కడి అర్ధరాత్రి మనకు తెల్లవారుజామున 5:30. కాలిఫోర్నియా అర్ధరాత్రి అని రాస్తే అక్టోబర్‌లో మనకు మధ్యాహ్నం 12:30, మార్కెట్‌లో తూకాలు నడిచే వేళ.
- కాసేపు ఫెయిలై దానంతటదే బాగైన కాల్‌ను నెట్ సమస్యని కొట్టిపారేయకండి. పాత పద్ధతిని తీసేసేముందు కొద్ది గంటలు ఆపి చూసే కంపెనీలు ఉన్నాయి. పాస్‌వర్డ్ లాగిన్‌ను తీసేసేముందు గిట్‌హబ్ అలాగే చేసింది, ఆ తర్వాత 2021 ఆగస్టు 13న కోడ్ పంపే గిట్ పనులకు పూర్తిగా ఆపేసింది.
- డాక్స్ మారకుండానే ఏపీఐ మారుతుంది. రోజుకొకసారి నిజమైన కాల్ ఒకటి చేసి, జవాబులో ఫీల్డ్‌లు అన్నీ ఉన్నాయో లేదో చూసే టెస్ట్ పెట్టండి.
- మానిటర్‌ను ఆఫీస్ డెస్క్‌టాప్ మీద నడపకండి. దసరాకు తాళం వేసేటప్పుడు ఎవరో ఒకరు మెయిన్ ఆఫ్ చేస్తారు.
- ఫ్రీ ప్లాన్ గడువు ఎప్పటిదాకో ఇవాళే చూడండి.
- అలర్ట్‌లు వెళ్లే మెయిల్ ఎవరిది? ఉద్యోగం మానేసినవాళ్లదైతే ఇప్పుడే మార్చండి.
- గ్రూప్‌కు పంపితే అందరూ చూస్తారనుకోకండి, ఎవరూ చూడరు. రోజుకొకరి పేరు రాయండి. సద్దుల బతుకమ్మ రోజు కూడా.
- ఆ పేరున్న మనిషికి ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్) యాక్సెస్ ఉందా? సెలవు మొదలయ్యాక అడిగితే ఇచ్చేవాళ్లు దొరకరు.
- ‘మార్పు లేదు’ అన్న మెయిల్ రోజూ రావాలి. ఒక్క రోజు రాకపోయినా ఆ రోజు పేరున్న మనిషిని ఫోన్ చేసి లేపండి.
- బయల్దేరేముందు ప్రతి పేజీనీ బ్రౌజర్‌లో తెరిచి, మానిటర్ దాచుకున్న కాపీ పక్కన పెట్టి మీ కళ్లతో పోల్చండి. రెండూ ఒకటి కాకపోతే బస్ టికెట్ మర్నాటికి మార్చుకోండి.